స్పీకర్ది ఎంత, గదిది ఎంత: ఇంట్లో స్టీరియో గది వెనకున్న లెక్కలు

దుకాణంలో బిగువుగా, స్పష్టంగా పలికిన స్పీకర్లే ఇంటికి తెచ్చి పెట్టేసరికి బేస్ బరువెక్కి, గొంతులు ముద్దగా వినిపిస్తాయి. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. ఆంప్లిఫయర్ మార్చమని ఒకరు, గోడలకు ఫోమ్ అంటించమని ఒకరు, స్పీకర్లను గోడకు దూరంగా జరపమని ఒకరు, కాదు దగ్గరికే నెట్టమని ఇంకొకరు, ఇవేవీ వద్దు సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోమని మరొకరు. వీటిలో చాలావరకు పూర్తిగా తప్పు సలహాలు కావు. ఒక్కొక్కటి ఒక్కో ఫ్రీక్వెన్సీ పరిధికి సంబంధించినది. ఏది దేనికి వర్తిస్తుందో విడదీయకుండా అన్నిటినీ కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

శబ్దం బయటికి పోకుండా ఆపడం వేరు, లోపల బాగా వినిపించడం వేరు

ముందుగా తీర్చుకోవాల్సిన చిక్కు ఇది. పక్క గదికి వినపడకుండా చెయ్యాలంటే బరువు కావాలి, సందులు పూర్తిగా మూయాలి. గోడ బరువు రెట్టింపైతే, సిద్ధాంతం ప్రకారం, అవతలికి చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తలుపు కింద వేలెడు సందు ఉంటే ఆ లాభంలో చాలా భాగం పోతుంది. గదిలోపల ధ్వనిని చక్కదిద్దే గ్లాస్ వూల్ పలకలకూ, ఫోమ్‌కూ అంత బరువుండదు. వాటిలోకి గాలి చొరబడాలి, అప్పుడే పనిచేస్తాయి. అందువల్ల నాలుగు గోడలూ ఫోమ్‌తో కప్పినా పక్కింటివాళ్ళకు వినిపించే బేస్‌లో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా గది లోపలి సంగతే.

200 హెర్ట్జ్ దగ్గర మారిపోయే నియమాలు

మామూలు ఉష్ణోగ్రతలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 10,000 హెర్ట్జ్ తరంగం 3.4 సెంటీమీటర్లు. 1,000 హెర్ట్జ్ అయితే 34 సెంటీమీటర్లు. 40 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి 8.6 మీటర్లు, అంటే మామూలు గదికి రెండింతల పొడవు.

పొట్టి తరంగాలు కాంతి కిరణాల్లాగే గోడకు తగిలి తిరిగొస్తాయి. అద్దంలో చూసినట్టు వాటి దారి గీయవచ్చు. గది కంటే పెద్ద తరంగానికి ఆ లెక్క చెల్లదు. అది గదిలోని గాలి మొత్తాన్నీ ఒక్కసారిగా ఊపుతుంది. ఒక ప్రవర్తన రెండోదానిలోకి మారే చోటును ష్రోడర్ ఫ్రీక్వెన్సీ అంటారు. ధ్వని గదిలో ఎన్ని సెకన్లు నిలుస్తుందో ఆ అంకెను గది ఘనపరిమాణంతో భాగించి, వర్గమూలం తీసి, 2,000తో గుణిస్తే అది వస్తుంది.

ఉదాహరణకు 4.2 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గదిని తీసుకుందాం. అడుగుల్లో సుమారు 14, 11, 10. ఘనపరిమాణం 41.6 ఘనమీటర్లు. ధ్వని అరసెకను నిలుస్తుందనుకుంటే ఫలితం దాదాపు 220 హెర్ట్జ్. ఈ పరిమాణంలో ఉండే గదుల్లో చాలావాటికి 200 నుంచి 300 మధ్యే వస్తుంది. ఆ గీతకు పైన మనం వినేదాన్ని ఎక్కువగా స్పీకరే నిర్ణయిస్తుంది. కింద గదీ, అందులో స్పీకర్ ఉన్న చోటూ, మనం కూర్చున్న చోటూ నిర్ణయిస్తాయి. ఎంత మేలైన స్పీకర్ తెచ్చినా ఆ కింది భాగం గది చేతుల్లోనే ఉంటుంది.

బేస్ ఒకచోట దద్దరిల్లి, ఇంకోచోట మాయమయ్యేదెందుకు

తొట్టెలో నీళ్ళను అటూ ఇటూ ఊపితే రెండు అంచుల దగ్గరా మట్టం పైకీ కిందికీ పోతుంది, నడుమ దాదాపు కదలదు. ఎదురెదురు గోడల మధ్య గాలి పీడనం కూడా ఇలాగే ఊగుతుంది. ఈ ఊగుళ్ళనే రూమ్ మోడ్‌లంటారు. వీటిలో మొదటిదాని ఫ్రీక్వెన్సీ కావాలంటే ధ్వని వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి.

మన గదిలో పొడవు వెంట 343ను 8.4తో భాగిస్తే 41 హెర్ట్జ్. వెడల్పు వెంట 52, ఎత్తు వెంట 57. వీటి రెట్టింపులు, మూడింతలు కూడా మోడ్‌లే: 82, 104, 114, అలా పైకి. ఇవి కాక నాలుగు గోడలనూ, ఆరు తలాలనూ కలుపుకుని పుట్టేవి కూడా ఉన్నాయి. మూడు కొలతలూ వేర్వేరుగా ఉంటే ఈ అంకెలు విడివిడిగా పడతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 3 మీటర్లే అయిన గదిలో మూడు మోడ్‌లూ 57 దగ్గరే కుప్పపడతాయి. ఆ ఒక్క స్వరం మోగిపోతుంది, దాని పక్కవి బలహీనపడతాయి. ఎత్తు 1 అయితే వెడల్పు 1.4, పొడవు 1.9 వంటి పేరున్న నిష్పత్తులు ఈ కుప్పలు పడకుండా చూడటానికి వచ్చినవే. ఉన్న గదినే వాడుకోవాల్సిన వాళ్ళకు వాటివల్ల ఒరిగేది తక్కువ.

కూర్చునే చోటు ప్రభావం ఇంతకంటే పెద్దది. గది పొడవుకు సరిగ్గా నడుమ, 2.1 మీటర్ల దగ్గర కూర్చుంటే 41 హెర్ట్జ్ దాదాపు వినపడదు, 82 మాత్రం గట్టిగా వినిపిస్తుంది. వెనక గోడకు ఆనుకుంటే పొడవు వెంటనున్న మోడ్‌లన్నీ శిఖర స్థాయిలో చెవిన పడతాయి. సోఫాను గోడకు చేరవేసిన గదుల్లో బేస్ ఉబ్బినట్టుండేది అందుకే. పొడవులో 38 శాతం దగ్గర కుర్చీ వెయ్యమనే సూత్రం ఈ రెండు అతిశయాలకూ మధ్య పడే చోటు. అదొక మంచి ప్రారంభ స్థానం మాత్రమే. తలుపు, కిటికీ, తేలికపాటి గోడ ఉన్న గదిలో అసలైన చోటు 20, 30 సెంటీమీటర్లు అటో ఇటో ఉండొచ్చు.

వెడల్పు విషయంలో స్టీరియో అమరిక మనకు కలిసొస్తుంది. రెండు స్పీకర్లూ నడి రేఖకు సమానదూరంలో ఉండి ఒకే బేస్ పలికిస్తే, 52 హెర్ట్జ్ మోడ్‌ను ఒకటి ఒకవైపు, రెండోది ఎదురువైపు తోస్తాయి, అది లేవదు. ఒక స్పీకర్ మూలలోకీ ఇంకోటి తలుపు పక్కకీ పోయిన గదిలో ఈ లాభం ఉండదు. గదిని ఎడమకుడిలుగా సమానంగా పంచుకోమనేది అందం కోసం చెప్పే మాట కాదు.

త్రిభుజం: కొలతలతో ఒక అమరిక

రెండే స్పీకర్లున్నా పాడేవారి గొంతు వాటి నడుమ, ఏ పెట్టే లేని చోట నుంచి వస్తున్నట్టు వినిపించడం స్టీరియో ప్రత్యేకత. బ్రిటిష్ ఇంజినీర్ అలన్ బ్లమ్లీన్ 1931లో పేటెంట్‌కు దరఖాస్తు చేసిన ఆలోచన ఇదే దిశలో సాగింది. రెండు చెవులకూ చేరే ధ్వనిలోని చిన్న చిన్న తేడాలనుంచి మెదడు దిక్కును అల్లుకుంటుంది. అందుకు వినేవారి నుంచి ఒక్కో స్పీకర్ నడి రేఖకు 30 డిగ్రీల కోణంలో ఉండటం ప్రామాణికం. అంటే సమబాహు త్రిభుజం.

మన గదిలో తల వెనక గోడకు 1.6 మీటర్ల ముందు, అంటే ముందు గోడకు 2.6 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. స్పీకర్ ముఖం ముందు గోడకు 0.7 మీటర్ల ఇవతల. రెంటి మధ్య మిగిలింది 1.9 మీటర్లు. దాన్ని 0.866తో భాగిస్తే భుజం 2.2 మీటర్లు. స్పీకర్ల మధ్య దూరం అంతే ఉంచితే పక్క గోడకు ఒక్కోవైపు 55 సెంటీమీటర్లు మిగులుతాయి. ట్వీటర్ (స్పీకర్ పెట్టెలో పై ఫ్రీక్వెన్సీలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి, కూర్చున్నప్పుడు అది సాధారణంగా 90 నుంచి 100 సెంటీమీటర్లు. రెండు ట్వీటర్ల నుంచీ చెవి వరకు టేపుతో కొలిచి ఒక్క సెంటీమీటరు తేడా లోపు తేవడం కష్టమేమీ కాదు, ఫలితం మాత్రం మొదటి పాటలోనే తెలుస్తుంది.

నడుమ గొంతు నిలవకుండా చెదిరిపోయి, బేస్ కూడా పలచబడితే అన్నిటికన్నా ముందు చూడాల్సింది తీగలు. ఒక స్పీకర్‌కు ఎర్ర, నల్ల తీగలు తారుమారైతే ఒక వూఫర్ (బేస్ పలికే పెద్ద భాగం) ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ రద్దయిపోతుంది.

ముందు గోడకు దూరమా, దగ్గరా

రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి. బేస్ స్పీకర్ వెనక్కి కూడా పోతుంది, గోడకు తగిలి ఆలస్యంగా తిరిగొస్తుంది. ఆ అదనపు దారి సగం తరంగానికి సమానమైన చోట నేరు ధ్వనీ, తిరిగొచ్చినదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ధ్వని వేగాన్ని దూరానికి నాలుగింతలతో భాగిస్తే ఆ పల్లం ఎక్కడో తెలుస్తుంది. 0.7 మీటర్లకు 122 హెర్ట్జ్. మగ గొంతు గాంభీర్యం, మద్దెల నిండుదనం ఉండే చోటు అదే.

స్పీకర్ ముఖం గోడకు ఒక మీటరు దూరంలో ఉండేలా లాగితే పల్లం 86కు దిగుతుంది. గోడకు దాదాపు ఆనించి ముఖం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే 286కు ఎక్కుతుంది. దూరం జరపమనేవాళ్ళు కోరుకునేది మొదటిది. పల్లం కిందికి పోవడమే కాక, ముందు గోడ ప్రతిఫలనం ఆలస్యమై ధ్వని వేదికకు (సంగీతం పరుచుకున్నట్టు తోచే చోటుకు) లోతు వచ్చినట్టు కూడా వినిపిస్తుంది. దగ్గరికి నెట్టమనేవాళ్ళది రెండోది. 286 హెర్ట్జ్‌ను 10 సెంటీమీటర్ల మందం పలక చాలావరకు పీల్చుకోగలదు, 86ను పీల్చలేదు. పైగా గోడ దన్నుతో పెరిగిన బేస్‌ను ఈక్వలైజర్‌తో తగ్గించడం తేలిక. చిన్న గదిలో రెండోదే తరచూ మెరుగ్గా కుదురుతుంది. వెనకవైపు గొట్టం ఉన్న పెట్టె అయితే ఆ గొట్టం ముందు కనీసం దాని వ్యాసమంత ఖాళీ ఉంచాలి. ఎటూ కాని 60, 70 సెంటీమీటర్ల దగ్గర ఉంచితే పల్లం సరిగ్గా సంగీతం మధ్యలో పడుతుంది, అదే ఇళ్ళలో ఎక్కువగా కనిపించే అమరిక.

పక్క గోడలు: నిపుణులే ఏకీభవించని చోటు

వినే చోట కూర్చుని, ఇంకొకరు పక్క గోడ మీద అద్దం జరుపుతుంటే, అందులో స్పీకర్ కనిపించే చోటే మొదటి ప్రతిఫలన స్థానం. మన అమరికలో అది ముందు గోడ నుంచి సుమారు 1.2 మీటర్ల దగ్గర. నేరు దారి 2.2 మీటర్లు, గోడ మీదుగా 2.9. తేడా 71 సెంటీమీటర్లు, అంటే 2 మిల్లీసెకన్ల ఆలస్యం. దూరం వల్ల తగ్గే బలం రెండున్నర డెసిబెల్స్ లోపే. గట్టి ప్రతిఫలనమే అన్నమాట.

ఇంత తక్కువ ఆలస్యాన్ని చెవి ప్రతిధ్వనిగా వినదు. హెల్ముట్ హాస్ 1949లో చూపినట్టు, కొన్ని పదుల మిల్లీసెకన్ల లోపు వచ్చే నకలును మెదడు మొదటి ధ్వనితో కలిపేసుకుంటుంది, దిక్కు మాత్రం మొదట వచ్చినదాన్నే నమ్ముతుంది. అలా కలిసినది మేలా, కీడా అన్నదే వివాదం.

స్టూడియోల్లో పనిచేసేవాళ్ళు ఆ చోటును పీల్చేయాలంటారు. 1980 ప్రాంతంలో వచ్చిన లైవ్ ఎండ్ డెడ్ ఎండ్ పద్ధతి ముందు సగం గదిని నిశ్శబ్దంగా ఉంచమంది. మిక్స్‌లోని చిన్న తప్పు కూడా వినపడాలంటే గది అడ్డురాకూడదు. ధ్వని శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ దశాబ్దాల శ్రవణ పరీక్షల ఆధారంగా వేరే మాట చెప్పారు: పక్కలకు కూడా సమంగా పలికే స్పీకరైతే పక్క గోడ ప్రతిఫలనాలు ఆనందం కోసం వినేవారికి తరచూ నచ్చుతాయి, వేదిక విశాలంగా అనిపిస్తుంది. దీనికి గట్టి కారణం ఒకటుంది. నడుమ గొంతు రెండు స్పీకర్ల నుంచీ రెండు చెవులకూ చేరుతుంది. ఎదుటి స్పీకర్ ధ్వని కాస్త ఆలస్యంగా చేరడం వల్ల 2,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక పల్లం ఏర్పడుతుంది. పక్క గోడల నుంచి వచ్చే ధ్వని దాన్ని కొంత పూడుస్తుంది.

కాబట్టి తేల్చాల్సింది మూడు విషయాలు: స్పీకర్ పక్కలకు ఎలా పలుకుతుంది, గోడ ఎంత దగ్గర, వినేది పనికా ఆనందానికా. పక్కలకు ఎగుడుదిగుడుగా పలికే స్పీకరూ, 55 సెంటీమీటర్ల దూరంలో గోడా ఉంటే పీల్చడానికే మొగ్గు. మీటరున్నర దూరంలో గోడ, సమంగా పలికే స్పీకర్ ఉంటే గోడను అలాగే వదిలి వినడం మేలు. ఎడమవైపు గోడ, కుడివైపు ఖాళీ ఉంటే మాత్రం ఏ వాదమూ అక్కర్లేదు, ధ్వని వేదిక ఒకవైపుకు లాగుతుంది కనుక గోడవైపు పీల్చాల్సిందే.

ఎంత పీల్చాలి, ఎంత మందంతో

భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబైన్ 1890లలో హార్వర్డ్‌లోని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచెయ్యబోయి కనుక్కున్న సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో (తలాల విస్తీర్ణాన్ని అవి పీల్చుకునే భాగంతో గుణిస్తే వచ్చేదానితో) భాగిస్తే, ధ్వని 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం వస్తుంది.

మన ఖాళీ గదిలో తలాల విస్తీర్ణం 73 చదరపు మీటర్లు. సున్నం గోడలూ, గట్టి నేలా తమ మీద పడ్డ ధ్వనిలో 3 శాతం పీల్చుకుంటాయనుకుంటే శోషణ 2.2, సమయం 3 సెకన్లు. అందులో మాట కూడా అర్థం కాదు. 4 చదరపు మీటర్ల తివాచీ 1.2, మడతలు పడ్డ బరువైన కర్టెన్లు 6 చదరపు మీటర్లకు 3.6, పెద్ద సోఫా 3, నిండిన పుస్తకాల అర 2 కలుపుతాయనుకుంటే మొత్తం 12, సమయం 0.56 సెకన్లు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవున్న పలకలు ఎనిమిది చేరిస్తే 0.4కు దిగుతుంది. ఇంట్లో సంగీతానికి 0.3 నుంచి 0.5 సుఖంగా ఉంటుంది. స్టూడియో ప్రమాణాలు అంతకన్నా తక్కువ కోరతాయి.

ఈ అంకెలన్నీ 1,000 హెర్ట్జ్ దగ్గరివి. చాలా గదులు చెడిపోయేది ఇది మరవడం వల్లే. రంధ్రాలున్న పదార్థం గాలి కదలికను ఆపి పీలుస్తుంది. గోడను ఆనుకుని గాలి కదలదు, తరంగంలో నాలుగో వంతు దూరంలో అత్యధికంగా కదులుతుంది. 1,000 హెర్ట్జ్‌కు ఆ దూరం 8.6 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్‌కు 86. రెండున్నర సెంటీమీటర్ల ఫోమ్‌ను గోడలంతా అంటిస్తే తాళాల మెరుపు చచ్చిపోతుంది, బేస్ మాత్రం పాతలాగే మోగుతుంది. పైభాగం పోయాక ఆ మోత ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. కోడిగుడ్ల అట్టలది మరీ నాసిరకం పనితనం.

అందుకే తక్కువ పలకలను మందంగా చెయ్యడం మేలు. ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న గ్లాస్ వూల్ 10 సెంటీమీటర్లు, గోడకూ దానికీ మధ్య మరో 5 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే 200 హెర్ట్జ్ దాకా, కొంత బలహీనంగా ఇంకా కిందికి కూడా పనిచేస్తుంది. కప్పే గుడ్డ మీద నోరుపెట్టి ఊదితే గాలి సులువుగా దాటాలి. రెగ్జిన్ లాంటిది కప్పితే పై ఫ్రీక్వెన్సీలు తిరిగొచ్చేస్తాయి. కోసేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. బేస్‌కు అనువైనవి మూలలు, ఎందుకంటే అన్ని మోడ్‌ల పీడనమూ అక్కడికి చేరుతుంది. నేల నుంచి కప్పు దాకా మూలను త్రికోణంగా 40, 50 సెంటీమీటర్ల లోతున నింపితే పలచని పలకలు ఎన్ని పెట్టినా రాని తేడా వస్తుంది.

కొలవడం, సరిచెయ్యడం, సరికానిది

రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరూ, కాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే యూఎస్‌బీ మైకూ ఉంటే చాలు. మైకును చెవి ఉండే చోట నిలబెట్టి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు స్వీప్ (కింది నుంచి పై దాకా జారే స్వరం) నడపాలి, ఒక్కో స్పీకర్‌కు విడిగా, తర్వాత రెంటికీ కలిపి. 300 కింద గీతను దాదాపు యథాతథంగా చదవాలి. పైన సగటు తీసి నునుపు చేసి చూడాలి, లేకపోతే చెవికి తెలియని పళ్ళ వరస చూసి భయపడతాం.

82 దగ్గర 8 డెసిబెల్స్ మిట్ట కనిపిస్తే ఈక్వలైజర్‌తో కొయ్యవచ్చు. కోస్తే ఆ స్వరం సాగడం కూడా తగ్గుతుంది. పల్లం సంగతి వేరు. అక్కడ రెండు తరంగాలు కొట్టేసుకుంటున్నాయి, బలం పెంచితే రెండూ పెరుగుతాయి. 9 డెసిబెల్స్ పెంచడమంటే ఆంప్లిఫయర్ మీద ఎనిమిదింతల భారం, పల్లం మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని స్పీకర్‌నో కుర్చీనో జరిపే తీర్చాలి. పై ఫ్రీక్వెన్సీల్లో గదిలో కొలిచిన గీతను బల్లపరుపుగా చెయ్యడమూ పొరపాటే. మంచి స్పీకర్ గీత గదిలో సహజంగానే బేస్ నుంచి ట్రెబుల్ వైపు మెల్లగా వాలుతుంది. దాన్ని చదును చేస్తే ధ్వని పదునెక్కి గుచ్చుతుంది.

బేస్ కోసమే పెట్టే సబ్‌వూఫర్ ఇంకొకటి చేర్చడం కూడా మోత పెంచడానికి కాదు. హర్మన్ అనే ఆడియో కంపెనీలో టాడ్ వెల్టి అధ్యయనాలు చూపిన అమరికల్లో ఒకటి, ఎదురెదురు గోడల నడుమ ఒక్కోటి ఉంచడం. 41 హెర్ట్జ్ మోడ్‌లో ఆ రెండు చివరలా పీడనం వ్యతిరేక దిశల్లో ఊగుతుంది. రెండు సబ్‌లూ ఒకేసారి తోస్తే ఆ మోడ్ లేవదు, సోఫాలోని అన్ని సీట్లకూ బేస్ దగ్గర దగ్గరగా వినిపిస్తుంది.

వాట్లూ, తీగలూ

ఒక వాటుకు మీటరు దూరంలో 86 డెసిబెల్స్ పలికే స్పీకర్లు రెండు, వినేవారు 2.5 మీటర్ల దూరంలో. దూరం 8 తగ్గిస్తుంది, రెండో స్పీకర్ 3 కలుపుతుంది, మొత్తం 81. సగటున 75తో వింటూ శిఖరాలకు 20 అదనంగా కావాలంటే 95 చేరాలి. ఆ 14 డెసిబెల్స్‌కు ఒక్కో స్పీకర్‌కు 25 వాట్లు. గది కొంత తిరిగిస్తుంది కనుక 50 వాట్ల ఆంప్‌కు ఊపిరి తీసుకునే వెసులుబాటు ఉంటుంది.

తీగల మీద జరిగే వాదనకు కొలత సూటిగా జవాబిస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్లు, వెళ్ళి రావడానికి కలిపి 0.07 ఓమ్స్. 8 ఓమ్స్ స్పీకర్‌కు నష్టం డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. అదే స్పీకర్‌ను 10 సెంటీమీటర్లు జరిపితే బేస్‌లో వచ్చే తేడా దీనికి ఎన్నో రెట్లు.

రెండు అమరికలను పోల్చేటప్పుడు

చెవి బేస్ గ్రహించే తీరు శబ్దస్థాయితో మారుతుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లో గీసిన వక్రాలు ఇదే చెబుతాయి: మెల్లగా వింటే బేస్ తక్కువగా, గట్టిగా వింటే నిండుగా తోస్తుంది. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చాలాసార్లు అదే మెరుగైనదిగా అనిపిస్తుంది. అందువల్ల పలక పెట్టకముందూ పెట్టాకా, ఈక్వలైజర్ ఉన్నప్పుడూ తీసినప్పుడూ పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) పెట్టి మైకుతో స్థాయి సరిచూసుకుని, అర డెసిబెల్ లోపు సమానం చేశాకే వినాలి. ఆ స్థాయి 75 దగ్గర ఉంటే ఎంతసేపు పోల్చినా చెవికి ఇబ్బంది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటల పరిమితి పెట్టింది 80 డెసిబెల్స్ దగ్గర. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగమవుతాయి.